పులస ధర సరే, లెక్క సంగతేంటి?

సంపాదకుల వారికి,

నమస్కారం. ఏటా గోదావరికి ఎర్రనీరు రాగానే మీ జిల్లా పేజీలో ఒక ఫొటో పడుతుంది. ఒకాయన రెండు చేతులా పులసను ఎత్తిపట్టుకుని నవ్వుతూ ఉంటాడు. కింద పాట ఎన్ని వేల దాకా వెళ్లిందో, ఎవరు పాడుకున్నారో రాస్తారు. ఆఖర్న "పులసలు బాగా తగ్గిపోయాయి" అని ఒక వాక్యం. ఎంత తగ్గాయి, ఎప్పటితో పోలిస్తే తగ్గాయి, ఎవరు లెక్కపెట్టారు అన్న ముక్క మాత్రం ఉండదు. ఈ ఉత్తరం ఆ ముక్క గురించే.

నేను ధవళేశ్వరం పిల్లని. నాన్న ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. పెళ్లయ్యాక స్కాట్లాండ్‌లోని అబర్డీన్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. మా ఆయనది ఆయిల్ కంపెనీలో ఉద్యోగం, నేను అకౌంట్స్ చూస్తాను. ఊరి దక్షిణపు అంచున డీ అనే నది సముద్రంలో కలుస్తుంది. పొడవు సుమారు 140 కిలోమీటర్లే. మన గోదావరి ముందు పెట్టి చూస్తే పెద్ద కాలువ అనాలి. 2022లో ఎలిజబెత్ రాణి కన్నుమూసిన బాల్మోరల్ కోట ఈ ఏటి ఒడ్డునే ఉంది. ఇక్కడివాళ్లు మాత్రం కోట కంటే ముందు సాల్మన్ చేప పేరు చెబుతారు. వేసవిలో చేపల సర్వేకి వెళ్లేవాళ్లతో నేనూ వాలంటీరుగా వెళుతుంటాను. నా పని చాలావరకు బకెట్లు మొయ్యడం, అంకెలు రాసుకోవడం. రెండోది నాకు వృత్తిరీత్యా అలవాటే.

అట్లాంటిక్ సాల్మన్‌కీ పులసకీ చుట్టరికం ఏమీ లేదు గానీ నడవడి ఒకటే. రెండూ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతాయి. సాల్మన్ నవంబరు, డిసెంబరు చలిలో ఏటి అడుగున గులకరాళ్లను తోకతో తవ్వి, ఆ గుంటలో గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లు కప్పేస్తుంది. వసంతంలో పిల్లలు బయటికొస్తాయి. రెండు మూడేళ్లు ఏట్లోనే ఉంటాయి. అప్పుడు వాటి ఒంటి రంగు వెండిలా మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సముద్రంలోకి వెళ్లిపోతాయి. అలా వెళ్లేవాటిని స్మోల్ట్ అంటారు. నార్వే సముద్రం దాకా, కొన్నయితే గ్రీన్‌లాండ్ దాకా పోయి మేసి, ఒకటో రెండో చలికాలాలు అక్కడ గడిపి, పుట్టిన ఏటినే వెతుక్కుంటూ తిరిగొస్తాయి. ఏట్లోకి వచ్చాక మేత ముట్టవు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఇండియా నుంచి ఎవరు ఫోన్ చేసినా "సాల్మన్ తగ్గిపోవడమేంటి, హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో కూడా దొరుకుతోంది కదా" అంటారు. అది సముద్రపు ఒడ్డున వలల పంజరాల్లో పెంచే చేప. దాన్ని చూసి ఏటి సాల్మన్ బాగుందనుకోవడం, భీమవరం చెరువుల్లో రొయ్యల్ని చూసి సముద్రంలో రొయ్యకు లోటు లేదనుకోవడం లాంటిది. ఏట్లో గేలంతో పట్టిన సాల్మన్‌ను అమ్మడం స్కాట్లాండ్‌లో 2002 నుంచి నేరం. అంటే ఇక్కడ వేలం పాట ఫొటో మీలాంటి పత్రికకు దొరకనే దొరకదు.

మరి ఒక ఏట్లో చేప బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? అన్నిటికంటే పాత లెక్క గేలాలది. ఎవరి రేవులో ఎన్ని పడ్డాయి, ఎన్నిటిని తిరిగి వదిలారు అని ఏటి హక్కుదారులు ప్రభుత్వానికి ఏటా రాసివ్వాలి. ఈ లెక్కలు 1952 నుంచి ఉన్నాయి. 2010లో స్కాట్లాండ్ మొత్తం మీద గేలాలకు లక్షకు పైగా సాల్మన్ పడ్డాయి. 2023లో 32,477. అప్పటిదాకా డెబ్బై ఏళ్ల పైచిలుకు లెక్కలో అంత తక్కువ ఎన్నడూ లేదు. ఆ పడినవాటిలో కూడా నూటికి తొంభైకి పైగా మళ్లీ నీళ్లలోకే వదిలేశారు. అదే 2023 డిసెంబరులో అంతర్జాతీయ రెడ్ లిస్టులో అట్లాంటిక్ సాల్మన్‌ను ముప్పు దాపున ఉన్న జాతుల్లో చేర్చారు. బ్రిటన్ సాల్మన్‌నైతే నేరుగా ముప్పులో ఉన్న జాబితాలోకే ఎక్కించారు.

2024లో గేలాల లెక్క మళ్లీ పెరిగింది. అంటే చేప కోలుకున్నట్టా? కాదు. గేలానికి పడిన లెక్క వేరు, ఏట్లో ఉన్న లెక్క వేరు. వానలు లేక ఏరు సన్నబడితే చేపలు ముఖద్వారం దగ్గరే ఆగిపోతాయి, లోపలికొచ్చినవి కూడా ఎరను ముట్టవు. 2020 వసంతంలో కోవిడ్ లాక్‌డౌన్ వల్ల ఒడ్డున గేలం వేసే మనిషే లేడు, ఆ నెలల లెక్క చూసి ఏరు ఖాళీ అయిపోయిందంటే ఎట్లా? ఎంతమంది ఎన్నాళ్లు గేలం వేశారో తెలియకుండా పడిన సంఖ్య ఒక్కటే పట్టుకుంటే, ఖర్చు చూడకుండా అమ్మకాలు చూసి లాభం చెప్పినట్టే ఉంటుంది. ఇలాంటి లెక్క నా టేబుల్ మీదికి వస్తే నేనయితే వెనక్కి పంపిస్తాను.

అందుకే మనిషి గేలంతో పనిలేని లెక్కలు పెట్టుకున్నారు. అబర్డీన్‌కు దక్షిణంగా నార్త్ ఎస్క్ అనే ఏటి మీద లోగీ అనేచోట ఒక చిన్న అడ్డుగోడ ఉంది. గోడ వాలు మీద నీటి అడుగున ఎలక్ట్రోడ్లు బిగించి ఉంటాయి. చేప ఒంట్లోంచి కరెంటు ఏటి నీళ్లలో కంటే తేలిగ్గా పారుతుంది. చేప ఆ పట్టీల మీదుగా దాటితే రెసిస్టెన్స్ మారుతుంది, యంత్రం ఒకటి రాసుకుంటుంది. ఎగువకు వెళ్లిందో దిగువకు వెళ్లిందో కూడా చెబుతుంది. రాత్రీ పగలూ లెక్క ఆగదు. ఇలాంటి కౌంటరు ప్రతి ఏటికీ లేదు. ఉన్నచోట యంత్రం చెప్పిన సంఖ్యను గేలాలకు పడిన సంఖ్యతో పోల్చి, వచ్చిన చేపల్లో ఎంత వంతు గేలానికి పడుతున్నాయో చూస్తారు. ఆ వంతును ఆసరా చేసుకుని కౌంటర్లు లేని నదుల్లో ఎన్ని ఉంటాయో అంచనా కడతారు.

మా డీ నదికి ఎగువన, బాలటర్ ఊరి దగ్గర, గిర్నాక్ అనే చిన్న వాగు కలుస్తుంది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని దాటేయొచ్చు, అంత చిన్నది. ఆ వాగుకు అడ్డంగా బోను పెట్టి 1966 నుంచి పైకెళ్లే ప్రతి తల్లి చేపనూ, కిందికొచ్చే ప్రతి స్మోల్ట్‌నూ లెక్కపెడుతున్నారు. ఇది అంచనా కాదు, పక్కా లెక్క. ఇన్ని పిల్లలు సముద్రానికి వెళ్లాయి, వాటిలో ఇన్ని తిరిగొచ్చాయి అని తరం తర్వాత తరం చెప్పగలుగుతున్నారు. ఆ వాగుకు తిరిగొచ్చే తల్లి చేపలు తొలినాళ్లతో పోలిస్తే బాగా పడిపోయాయి. ఎప్పటినుంచి పడిపోయాయో, ఏ దశలో పోయాయో వాళ్ల దగ్గర కాగితం మీద ఉంది. అరవై ఏళ్లుగా ఒకే వాగు, ఒకే ప్రశ్న. ఇందులో సగం ఓపికైనా మన దగ్గర ఉంటే బాగుండును.

ఇక నేను స్వయంగా చూసే పని పిల్ల చేపల లెక్క. వాగులో కొంత మేర కొలిచి, పైనా కిందా వలలు కడతారు. ఒకాయన వీపున బ్యాటరీ పెట్టె వేసుకుని, కర్ర చివర ఉక్కు రింగుతో నీళ్లలో నడుస్తాడు. నీళ్లలో కరెంటు పారగానే చుట్టుపక్కల రాళ్ల సందుల్లోంచి పిల్ల చేపలు రింగువైపు తేలి వస్తాయి, ఒక్క క్షణం సొమ్మసిల్లుతాయి. పక్కనున్నవాళ్లు చిన్న వలతో ఎత్తి బకెట్లో వేస్తారు. అదే మేరలో మళ్లీ ఒకసారి, ఇంకోసారి పడతారు. ఉదాహరణకు మొదటిసారి 40, రెండోసారి 20, మూడోసారి 10 పడ్డాయనుకోండి. తగ్గే తీరును బట్టి అక్కడ మొత్తం 80 దాకా ఉంటాయని తేలుతుంది. దొరకని వాటిని కూడా లెక్కలోకి తేవడం నాకు భలే నచ్చింది.

బకెట్లోంచి ఒక్కోదాన్ని తీసి, తడిపిన స్కేలు పలక మీద పడుకోబెట్టి పొడవు చెబుతారు, నేను రాస్తాను. ఏడాది లోపువి నా చిటికెన వేలంత. ఏడాది దాటినవాటి పక్కలకు వరసగా నల్లటి మచ్చలుంటాయి, ఎవరో సిరా వేళ్లతో పట్టుకుని వదిలినట్టు. మచ్చకూ మచ్చకూ మధ్య ఎర్రటి చుక్క. కొన్నిటి వీపు రెక్క వెనక నుంచి మూడు నాలుగు పొలుసులు గీరి, చిన్న కవర్లో వేసి, మీద నంబరు రాస్తారు. సూక్ష్మదర్శిని కింద ఆ పొలుసు మీద వలయాలు కనిపిస్తాయి. బాగా మేసి పెరిగిన వేసవిలో వలయాలు ఎడంగా, చలికాలంలో ఒకదానికొకటి ఒరుసుకుని ఉంటాయి. పెద్ద చేప పొలుసైతే ఏట్లో ఎన్నేళ్లుందో, సముద్రంలో ఎన్ని చలికాలాలు గడిపిందో చదివి చెప్పేస్తారు. లెక్కయ్యాక చేపలన్నీ తేరుకునేదాకా ఆగి, పట్టినచోటే వదిలేస్తారు. 2018 నుంచి దేశం మొత్తం మీద ఒకే పద్ధతిలో ఈ సర్వే చేయిస్తున్నారు. ఫలానా ఎత్తులో, ఫలానా వెడల్పున్న వాగులో ఆరోగ్యంగా ఉంటే ఎన్ని పిల్లలుండాలి అని ముందే ఒక అంచనా కట్టుకుంటారు. దొరికినవాటిని దానితో పోలుస్తారు.

ఇన్ని లెక్కలూ చివరికి ఒక ప్రశ్న దగ్గరికి చేరతాయి. ఈ ఏరు నిండడానికి ఎన్ని గుడ్లు కావాలి, ఈ ఏడు వచ్చిన తల్లులు ఎన్ని పెట్టగలవు? వచ్చిన చేపలెన్ని, అందులో ఆడవెన్ని, వాటి బరువెంత అన్నది తెలిస్తే గుడ్ల లెక్క వస్తుంది. కిలో బరువుకు వెయ్యికి పైగా గుడ్లుంటాయి. గత ఐదేళ్లలో కావలసినన్ని గుడ్లు పడి ఉండే అవకాశం నూటికి 80 దాటితే ఆ ఏటికి మొదటి గ్రేడు, 60 నుంచి 80 మధ్య ఉంటే రెండో గ్రేడు, 60కి తగ్గితే మూడో గ్రేడు. మూడో గ్రేడు ఏట్లో పడిన ప్రతి సాల్మన్‌నూ వదిలేయాల్సిందే, చట్టం. 2016 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. సముద్ర తీరంలో వలలతో సాల్మన్ పట్టడం కూడా ఆ ఏడాదే ఆపేశారు. ఒక్క చెడ్డ ఏడాది చూసి కంగారు పడకుండా, ఒక్క మంచి ఏడాది చూసి పండగ చేసుకోకుండా ఐదేళ్లు కలిపి చూడటం ఇందులో నాకు నచ్చిన సంగతి. ఇక్కడి గేలాలవాళ్లలో చాలామందికి ఈ గ్రేడులంటే మంట. మా ఏటిని తక్కువ చేసి చూపించారని గొడవ పడతారు. కానీ గొడవ అంకె మీద పడతారు. "మా తాతల కాలంలో అయితేనా" అన్నమాట అక్కడ చెల్లదు.

ఇంతా చేసి లెక్కపెట్టారు కాబట్టి సాల్మన్ బాగుపడిందా అంటే, లేదు. వెనకటి రోజుల్లో వంద స్మోల్ట్‌లు సముద్రానికి వెళితే పాతిక దాకా తిరిగొచ్చేవనీ, ఇప్పుడు ఐదు కూడా రావడం లేదనీ ఇక్కడి సాల్మన్ సంస్థలు చెబుతున్నాయి. సముద్రం వేడెక్కడాన్ని ఏ నది సంస్థా ఆపలేదు. అయితే చేప ఎక్కడ పోతోందో తెలిస్తే, చేతనైనచోటే చెయ్యి పెడతారు. 2019లో ఉత్తరాన మోరే ఫర్త్ అనే అఖాతంలో కలిసే నదుల్లో కొన్ని వందల స్మోల్ట్‌లకు శబ్దం పంపే ట్యాగులు పెట్టి వెంబడిస్తే, సుమారు సగం సముద్రం ముఖం చూడకుండానే ఏట్లోనే మాయమైనట్టు తేలింది. అప్పటిదాకా చాలామంది నెపం సముద్రం మీదే వేస్తున్నారు. ఇక మా డీ ఎగువ వాగుల ఒడ్డున చెట్లు లేవు, జింకలూ గొర్రెలూ మొలకను బతకనివ్వవు. నీటి వేడి 23 డిగ్రీలు దాటితే పిల్ల సాల్మన్‌కు తిండి సహించదు. 2018 ఎండల్లో స్కాట్లాండ్‌లో చాలా నదులు ఆ గీత దాటాయి. అందుకే ఇప్పుడు ఆ వాగుల వెంట కంచెలు వేసి, బర్చ్, విల్లో మొక్కలు నాటుతున్నారు. నీడ రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. చేప అప్పటిదాకా ఆగుతుందా అన్నది నాకూ టెన్షనే.

ఇప్పుడు మన గోదావరి సంగతి. వరద రోజుల్లో మా నాన్న గంట గంటకూ బ్యారేజీ నీటిమట్టం చూసేవారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. లంకల్లో చంటిపిల్లాడికి కూడా ఈ అంకెలు నోటికొస్తాయి. ఆ నీళ్లలోనే, ఆ రోజుల్లోనే పులస ఎదురీదుతుంది. నీటిని దశాంశాలతో సహా రాసుకునే మనం, చేప దగ్గరికొచ్చేసరికి "ఈ ఏడు లేవండీ" అని తేల్చేస్తాం. మొన్న మా మావయ్యను అడిగాను, పులసలు నిజంగా తగ్గాయా అని. "తగ్గకపోతే అంత రేటు ఎందుకుంటుందే పిచ్చిదానా" అన్నాడు. రేటు పెరగడానికి చేప తగ్గడం ఒక్కటే కారణం కాదు. డబ్బున్నవాళ్లు పెరిగినా రేటు పెరుగుతుంది, మీలాంటి పత్రికల్లో ఫొటో పడినా పెరుగుతుంది. పైగా ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ ఐస్ పెట్టెల్లో వచ్చిన అదే జాతి ఇలిస చేపను గోదావరి పులస పేరుతో అమ్మేస్తుంటే, బజారును చూసి ఏటి ఆరోగ్యం చెప్పడం కుదరని పని. "పుస్తెలమ్మి" సామెత కూడా ధర గురించే. వద్దనను, కానీ ఎన్నాళ్లని దాన్నే హెడ్డింగులో పెడతారు?

స్కాట్లాండ్ పద్ధతిని యథాతథంగా మోసుకురమ్మని నేననడం లేదు. మోకాలి లోతు వాగులో నడిచే బ్యాటరీ పెట్టె గోదావరి వరదలో ఎందుకు పనికొస్తుంది? ఇక్కడ సాల్మన్ పట్టేవాడికి అది సరదా, మన పాయల్లో వల వేసేవాడికి అది కూడు. అతన్ని ఏడాదికి సరిపడా నష్టపెట్టే ఏ పద్ధతీ నిలవదు. బంగ్లాదేశ్‌లో అక్టోబరులో ఇలిస గుడ్లు పెట్టే 22 రోజులు వేట ఆపి, పాతిక సెంటీమీటర్ల లోపు పిల్లలను నెలల తరబడి పట్టనివ్వకుండా, ఆ రోజుల్లో జాలర్లకు బియ్యం ఇస్తారు. మన దేశంలోనే బారక్‌పూర్ కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ గంగలో ఫరక్కా దగ్గర ఇలిసలకు ట్యాగులు వేసి వదులుతోంది. చేపను లెక్కపెట్టడం తెలిసినవాళ్లు లేక కాదు.

మీ పత్రికతో నా మనవి చిన్నది. మత్స్యశాఖ దగ్గర పులసకు సంబంధించి ఏళ్లవారీ లెక్కలేమైనా ఉంటే అడిగి, ధరకిచ్చిన చోటే దానికీ ఇవ్వండి. లేకపోతే వచ్చే సీజన్‌లో వశిష్ఠ మీద ఒక రేవు, గౌతమి మీద ఒక రేవు ఎంచుకుని మీ విలేకరుల చేత రోజూ రాయించండి. ఆ రోజు ఎన్ని పడవలు వెళ్లాయి, ఎన్ని గంటలు వల వేశారు, ఎన్ని పులసలు పడ్డాయి, ఒక్కోటి ఎంత పొడవు, ఎంత బరువు, కోసినప్పుడు జన ఉందా లేదా. ఒక్కో చేపవి నాలుగు పొలుసులు కవర్లో దాచితే, వయసు చూడటానికి ఏ ఫిషరీస్ కాలేజీ విద్యార్థులైనా ముందుకొస్తారు. వలలు వేసి ఒక్కటీ పడని రోజున సున్నా వెయ్యాలి, ఆ గడి ఖాళీగా వదలకూడదు. మొదటి ఏడాది ఆ అంకెలతో ఏమీ చెప్పలేం. ఐదో ఏడు వచ్చేసరికి మీ వార్తలో "బాగా తగ్గిపోయాయి" అన్నచోట ఒక సంఖ్య వెయ్యొచ్చు.

మేం ఇక్కడ వాడే ఫారం ఒక్క పేజీయే. దాన్ని తెలుగులోకి మార్చి, పులసకు పనికొచ్చేలా గడులు సరిచేసి పెట్టాను. మీ జిల్లా డెస్క్ వాళ్లు ఒక మాట చెబితే పంపిస్తాను.

ఇట్లు,
ధవళేశ్వరానికి చెందిన మీ పాఠకురాలు,
అబర్డీన్, స్కాట్లాండ్